వీధి కూడా ఒక అమానతే

(ఒక పట్టణంలో మొహల్లా కమిటీ ఏర్పాటు చేసిన సభలో, పురపాలక ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక సోదరుడు చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి ప్రసంగాలు జరుగుతాయి. అవి జరగవలసినవే. కాని ఈ రోజు నన్ను మాట్లాడమన్నది రోడ్ల గురించి. నిజం చెప్పాలంటే, 'ఇదీ ఒక ప్రసంగాంశమేనా?' అని మొదట నాకే అనిపించింది. ఆ సాయంత్రం మా ఇంటి గడప మీద కూర్చున్నాను. ఆ గడపే నాకు ఈ ప్రసంగం ఇచ్చింది.

మా దాదా ఆ ఇల్లు కట్టినప్పుడు గడపకూ వీధికీ మధ్య మూడు మెట్లుండేవి. ఒక్కొక్కటి ఆరంగుళాలు. చిన్నప్పుడు నేను ఆ మెట్ల మీద కూర్చుని అలీఫ్ బే దిద్దాను. తరువాత వీధికి ఆరంగుళాల కంకర పోశారు, ఒక మెట్టు పోయింది. దాని మీద రెండంగుళాల తారు వేశారు. ఆ తారు లేచిపోయాక నాలుగంగుళాల సిమెంటు వేశారు. అది పగిలాక దాని మీదే మరో నాలుగంగుళాలు, మొన్న ఎన్నికల ముందు మరో మూడంగుళాలు పోశారు. కూడి చూడండి: పంతొమ్మిది అంగుళాలు. మా దాదా కట్టిన మూడు మెట్లు పద్దెనిమిది అంగుళాలు. అంటే ఈ రోజు మా గడప కన్నా వీధే ఒక అంగుళం ఎత్తులో ఉంది. వాన పడితే వీధిలోని నీరు కాలువలోకి కాదు, మా నమాజు గదిలోకి వస్తుంది. ఒకప్పుడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు దిగి వెళ్తున్నాం.

ప్రతిసారీ దీనినే 'అభివృద్ధి' అన్నారు. ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు తీశారు, మనం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. పైగా నేను ఇంజనీరును!

సోదరులారా! ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఈ హాల్లో కూర్చున్నవారిలో ఎంతమంది ఇళ్ళు వీధి కన్నా పల్లంలో ఉన్నాయో చేతులెత్తమంటే లెక్క తేలిపోతుంది. స్తోమత ఉన్నవారు ఇల్లు పడగొట్టి ఎత్తు పెంచి కట్టుకుంటారు. కొంచెం ఉన్నవారు గదిలో మట్టి పోసి, బండలు మళ్ళీ పరుచుకుంటారు. అప్పుడు ద్వారబంధం తలకు తగులుతుంది. ఏమీ లేనివారు, అద్దెకున్నవారు, వితంతువులు, వృద్ధులు గడపకు అడ్డంగా ఇసుక బస్తా పెట్టుకుని వానాకాలమంతా జాగారం చేస్తారు. వీధికి పోసిన ప్రతి అంగుళానికీ ఎవరో ఒకరు తమ ఇంట్లో వెల చెల్లిస్తున్నారు.

రోడ్డు అంటే పై పొర కాదు

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే రోడ్డు ఎలా తయారవుతుందో కొద్దిగా తెలియాలి. విసుగు అనిపించినా ఓపికతో వినమని మనవి.

మనకు కనిపించేది పై పొర మాత్రమే. దాని కింద గట్టిగా అణగదొక్కిన నేల ఉండాలి. దాని మీద నీటిని కిందికి ఇంకనిచ్చే గ్రావెల్ పొర, ఆపైన కొలత ప్రకారం కలిపిన కంకర పొర ఉండాలి. ఆ తరువాతే తారు గాని, సిమెంటు కాంక్రీటు గాని. వాహనం బరువును మోసేది నిజానికి కింది పొరలు. కింద గుల్లగా ఉన్నప్పుడు పైన ఎంత మెరుగు పెట్టినా అది పుండు మీద వేసిన పట్టీ మాత్రమే.

పాత రోడ్డు పాడైనప్పుడు సరైన పద్ధతి ఏమిటి? పాడైన పొరను గీకి తీసివేయాలి. తారు రోడ్డు మీద ఈ పనికి మిల్లింగ్ యంత్రాలున్నాయి. సిమెంటు రోడ్డయితే పగిలిన పలకలను పగలగొట్టి, మట్టి తీసి, పాత మట్టానికే కొత్తది పోయాలి. దీనికి ఖర్చూ శ్రమా ఎక్కువ. పైన పోసుకుంటూ పోవడం సులభం, రెండు రాత్రుల్లో పని అయిపోతుంది, పైకి కొత్తగా మెరుస్తుంది. అందుకే ఇరుకు గల్లీల్లో గీకకుండా పోస్తారు. ప్రధాన రహదారి మీద, అధికారులు తిరిగే దారిలో మాత్రం గీకే యంత్రం కనిపిస్తుంది.

రెండవ విషయం వాలు. రోడ్డు చదునుగా ఉండకూడదు. మధ్యలో కొంచెం ఎత్తుగా ఉండి రెండు పక్కలకు, లేదా ఒకవైపున్న కాలువకు వాలి ఉండాలి. సాధారణంగా రెండు శాతం. అంటే మీటరు వెడల్పుకు రెండు సెంటీమీటర్లు. మూడు మీటర్ల గల్లీ ఒకే వైపుకు వాలాలంటే ఒక అంచుకన్నా రెండో అంచు ఆరు సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. దీన్ని పరీక్షించడానికి ఇంజనీరు అవసరం లేదు. ఒక బకెట్ నీళ్ళు పోయండి. నీళ్ళు కాలువ వైపు పోతే వాలు ఉంది. అక్కడే నిలిచినా, మీ గడప వైపు వచ్చినా వాలు లేదు. తారుకు నీరే శత్రువు. నిలిచిన నీరు కంకరకూ తారుకూ ఉన్న పట్టును విడదీస్తుంది. ముందు చిన్న కంకర లేస్తుంది, తరువాత గుంట పడుతుంది, ఆ గుంటలో మళ్ళీ నీరు నిలుస్తుంది.

మూడవది క్రమం. ముందు భూమిలో పోయే పనులు కావాలి: మంచినీటి గొట్టాలు, మురుగునీటి గొట్టాలు, తీగలు. తరువాత పక్క కాలువలు. చివరికి రోడ్డు. మన దగ్గర తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. రోడ్డు వేసిన మూడో నెలలో నీళ్ళ గొట్టం కోసం నిలువునా చీలుస్తారు. చీల్చిన చోట మట్టి కప్పి వెళ్ళిపోతారు. మొదటి వానకు అక్కడ కందకం ఏర్పడుతుంది.

ఈ క్రమం ఎంత ముఖ్యమో మన చరిత్రలోనే పాఠం ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకుంది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు వీధులు వెడల్పయ్యాయి. వరదను ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి మురుగునీటి పారుదల పథకం కూడా తయారయింది. నీరు ఎటు పోవాలో ఆలోచించకుండా నగరాన్ని బాగుచేయలేమని ఆనాటివారు గ్రహించారు. ఆ సంగతి మరిచిపోతే ఏమవుతుందో 2020 అక్టోబరులో అదే నగరంలో చూశాం. పాతబస్తీలోని అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల కుటుంబాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మన రాయలసీమలో 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత నగరం మునిగింది. అంత పెద్ద వరదను ఒక వీధి కాలువ ఆపలేదు, నిజమే. కాని ప్రతి ఏడూ వచ్చే మామూలు వాన మన ఇళ్ళలోకి రావడానికి కారణం నది కాదు. ఆకాశమూ కాదు. అది మన వీధి మట్టం.

నా చేతి గీత

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. అల్లాహ్ ముందు చెప్పుకున్నాను. మీ ముందు కూడా చెప్పుకోవాలి.

నేను సహాయక ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక పట్టణంలో రెండు పనులు ఒకే నెలలో నా కింద నడిచాయి. ఒకటి ఉద్యోగులు, వకీళ్ళు ఉండే కాలనీలో. రెండవది మనవాళ్ళు ఉండే మొహల్లాలో. రెండూ సిమెంటు రోడ్లే. రెంటికీ అంచనాలో రాసిన మందం నాలుగంగుళాలే. కాంట్రాక్టరు కూడా ఒక్కడే.

కాలనీలో పని మొదలైన రోజు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు టేపు తీసుకుని వచ్చారు. 'అంచనా కాగితం ఒకసారి చూపించండి' అన్నారు. కాంక్రీటు పోయకముందే అంచున నిలబెట్టిన చెక్క పలకల ఎత్తు కొలిచారు. నోటు పుస్తకంలో రాసుకున్నారు. కాంట్రాక్టరుకు చిరాకు వేసింది. కాని ఆ కాలనీలో నాలుగంగుళాలకు నాలుగంగుళాలూ పడింది.

మన మొహల్లాలో పని మొదలైన రోజు ఒక పెద్దావిడ మా అందరికీ చాయ్ తీసుకొచ్చారు. 'ఇన్నేళ్ళకు మా గల్లీకి రోడ్డు వేస్తున్నారు బిడ్డా, అల్లాహ్ మిమ్మల్ని చల్లగా చూడాలి' అని దీవించారు. పిల్లలు చుట్టూ గంతులు వేశారు. ఎవరూ కాగితం అడగలేదు. ఎవరూ టేపు తీయలేదు. ఆ గల్లీలో మూడంగుళాలే పడింది.

మార్చి నెల చివరి వారం. బిల్లులు ముగించాలన్న ఒత్తిడి ఉంది. నేను కొలతకు వెళ్ళి మందం బాగున్న మూడు చోట్లే చూశాను. మిగతా చోట్ల చూడకుండా కొలతల పుస్తకంలో ఆ చివరి నుంచి ఈ చివరి వరకు నాలుగంగుళాలని రాశాను. కింద సంతకం చేశాను. కాంట్రాక్టరు దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మాట చెప్పుకుని చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. కాని లెక్క ఓదార్పులను వినదు.

ఆ లెక్క మీకూ చెబుతాను. రెండు వందల మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న గల్లీకి నాలుగంగుళాలంటే, అంటే పది సెంటీమీటర్లంటే, అరవై ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. మూడంగుళాలు పోస్తే నలభై ఐదు చాలు. పదిహేను ఘనపు మీటర్లు, మొత్తంలో పావు వంతు, కాగితం మీదే ఉండిపోయింది. అంతటితో పోలేదు. కాంక్రీటు పలక వంగకుండా నిలిచే శక్తి మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం పావు వంతు తగ్గితే శక్తి పావు వంతు కాదు, దాదాపు సగం పోతుంది. మొహల్లా వాళ్ళకు పావు వంతు మోసం కనిపించి ఉండవచ్చు. వారికి నిజంగా దక్కింది సగం రోడ్డు.

రెండు వానాకాలాలకే ఆ రోడ్డు పలకలు పలకలుగా లేచింది. కొన్నేళ్ళ తరువాత వేరే పని మీద ఆ గల్లీకి వెళ్ళాను. చాయ్ ఇచ్చిన ఆ పెద్దావిడ గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఫజ్ర్ వేళ చీకట్లో లేచిన పలక అంచు తగిలి పడిపోయారట, తుంటి ఎముక విరిగిందట. నన్ను గుర్తుపట్టారు. 'మాకు రోడ్డు వేయించిన సాబ్' అని పక్కవారికి పరిచయం చేశారు. ఆవిడ తిట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

దివ్యఖుర్ఆన్‌లో 83వ సూరా పేరు 'అల్ ముతఫ్ఫిఫీన్'. కొలతల్లో, తూకాల్లో తగ్గించి ఇచ్చేవారని దాని అర్థం. ఆ హెచ్చరిక బజారులో తక్కెడ పట్టుకున్న వర్తకునికే అని నేను అనుకునేవాణ్ణి. కొలతల పుస్తకం పట్టుకున్న ఇంజనీరుకు కూడా అది వర్తిస్తుందని ఆ రోజు అర్థమయింది. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను చూడని చోట కొలత రాయలేదు. అయినా ఆ మొదటి గీత నా చేతి గీతే.

వివక్ష రూపం

'మనది ముస్లిం మొహల్లా కాబట్టే రోడ్డు వేయరు' అని మనం తరచుగా అంటాం. ఈ మాటలో ఎంత నిజముందో నిజాయితీగా తూచి చూడాలి.

నిజం ఉంది. జస్టిస్ రాజిందర్ సచార్ నాయకత్వంలో 2005లో నియమితమైన కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ముస్లింలు అధికంగా ఉన్న గ్రామాల్లో విద్య, వైద్యం, పక్కా రోడ్డు, బస్టాపు వంటి కనీస సౌకర్యాలు కొరవడుతున్నాయని అది గణాంకాలతో చూపింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 15 సూత్రాల కార్యక్రమంలో మైనారిటీలు నివసించే మురికివాడల మెరుగుదల కూడా ఒక అంశం. ఇవి మన ఊహలు కావు, ప్రభుత్వమే ఒప్పుకున్న విషయాలు.

కాని నా అనుభవాన్ని కూడా వినండి. ఆ గల్లీకి తక్కువ కొలత ఇచ్చింది ఎవరు? ముస్లింలను ద్వేషించే అధికారి కాదు. నేను! వారితో పాటు అదే మస్జిద్‌లో సజ్దా చేసినవాణ్ణి. నాకు వారి మీద ద్వేషం లేదు. 'ఇక్కడ ఎవరూ అడగరులే' అన్న ధైర్యం మాత్రం ఉంది. వివక్ష ప్రతిసారీ ద్వేషం ముఖంతో రాదు. అనేకసార్లు ఈ ధైర్యం రూపంలోనే వస్తుంది. దళితవాడల్లో, వలస కూలీల బస్తీల్లో కూడా ఇదే జరుగుతుంది. అందుకే ఈ పోరాటంలో వారు మన పక్కన ఉండవలసినవారు, మనం వారి పక్కన ఉండవలసినవారం.

ఇంకొక చేదు మాట కూడా చెప్పాలి. మన వైపు తప్పులు లేవా? వీధి కాలువ మీద మెట్లు కట్టుకున్నది మనం కాదా? బండలు పరిచి పూడిక తీయడానికి వీలు లేకుండా చేసింది మనం కాదా? పెళ్ళి షామియానా కోసం కొత్త రోడ్డుకు గునపంతో రంధ్రాలు చేసింది మనం కాదా? క్యారీ బ్యాగుల్లో చెత్త కట్టి కాలువలో వేస్తున్నది, ఈదుల్ అజ్‌హా రోజున వ్యర్థాలను మూల మలుపులో వదిలేస్తున్నది ఎవరు? విశ్వాసానికి డెబ్బైకి పైగా శాఖలున్నాయని, దారిలో బాధ కలిగించే దానిని తొలగించడం వాటిలో చిట్టచివరిదని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. తొలగించడమే విశ్వాసమైతే, తెచ్చి పడవేయడం ఏమవుతుంది? దారి మీద కూర్చునేవారు దారి హక్కు చెల్లించాలని కూడా ఆయన (స) చెప్పారు. దారికి హక్కు ఉందన్న మాటను మనం ఎంతమందిమి పట్టించుకున్నాం?

మన తప్పులు ఒప్పుకుంటే అధికారుల తప్పులు మాఫీ అయిపోవు. కాని మన చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే మన అర్జీకి బరువు వస్తుంది.

చట్టం మన చేతికి ఇచ్చినవి

వీధి మనకు ఎవరో ఇచ్చే దానం కాదు. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. రోడ్లు, వంతెనలు వాటిలో ఉన్నాయి. మురికివాడల అభివృద్ధి కూడా ఉంది.

'నిధులు లేవు' అన్న జవాబు మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం సుప్రీంకోర్టులో ఇదే జవాబు చెప్పింది. మురుగు కాలువలు లేక దుర్గంధంతో బాధపడుతున్న పౌరులు వేసిన కేసు అది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదనను అంగీకరించలేదు. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడే కనీస బాధ్యత నుంచి డబ్బు లేదన్న సాకుతో పురపాలక సంఘం తప్పించుకోలేదని తీర్పు వచ్చింది. 1986లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన మరో కేసు ఉంది. తమ ఊరికి రోడ్డు లేదని కొండ ప్రాంతపు పేద దళితులు హైకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కొండ ప్రాంతాల ప్రజలకు రోడ్డు సౌకర్యం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు గుర్తించింది. ఒక ఉత్తరం, సోదరులారా! గంటల తరబడి చేసిన ఉపన్యాసం కాదు.

ఇక సమాచార హక్కు చట్టం 2005. దీన్ని మనం కాగితాలు అడిగే చట్టంగానే చూస్తున్నాం. కాని ఆ చట్టంలోని రెండవ సెక్షన్ చదవండి. జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, పనిలో వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా పౌరునికి ఉన్నాయి. అర్జీ పెట్టిన ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

అర్జీలో ఏమి అడగాలి? 'మా రోడ్డు ఎందుకు బాగాలేదు?' అని అడిగితే జవాబు రాదు, వచ్చినా ఉపయోగం ఉండదు. ఇవి అడగండి: పని అంచనా ప్రతి, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం ప్రతి, కొలతల పుస్తకంలో ఆ పనికి సంబంధించిన పుటలు, నాణ్యతా పరీక్షల నివేదిక, లోపాలు వస్తే కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయవలసిన గడువు ఎప్పటి వరకు ఉందో ఆ తేదీ. ఈ చివరిదాన్ని మరిచిపోకండి. ఆ గడువులోగా పగిలిన రోడ్డుకు కొత్త నిధులు అక్కరలేదు, కాంట్రాక్టరే వేయాలి. మనం మౌనంగా ఉంటే గడువు దాటిపోతుంది, ఆ తరువాత అదే రోడ్డుకు మళ్ళీ మన పన్నుల డబ్బే ఖర్చవుతుంది.

మొహల్లా చేయగలిగిన పనులు

ఇప్పుడు పని మాటకు వద్దాం.

మొదటిది, ఒక దస్తా పుస్తకం. అందులో మన వీధులన్నిటి పేర్లు రాయండి. ఏ వీధికి చివరిసారి రోడ్డు ఎప్పుడు వేశారు, ఇప్పుడు ఎక్కడ పాడైంది, ఎన్ని గడపలు వీధి కన్నా పల్లంలో ఉన్నాయి, ఎన్ని అంగుళాలు పల్లంలో ఉన్నాయి అన్నవి నమోదు చేయండి. మేస్త్రీలు మట్టం చూసే నీటి గొట్టం ఉంటే చాలు. ఇంటర్ చదివే పిల్లలు రెండు ఆదివారాల్లో ఈ పని పూర్తి చేయగలరు. 'మా వీధులన్నీ పాడైపోయాయి' అన్న అర్జీని ఏ గుమస్తా అయినా పక్కన పెట్టేస్తాడు. 'ఫలానా గల్లీలో ఇన్ని ఇళ్ళ గడపలు రోడ్డు కన్నా ఇన్ని అంగుళాలు పల్లంలో ఉన్నాయి, జాబితా జతపరిచాం' అన్న అర్జీని పక్కన పెట్టడం అంత సులభం కాదు.

రెండవది, రోడ్డు మంజూరైందని తెలియగానే ఒకే ఒక కోరిక రాతపూర్వకంగా పెట్టండి: పాతది తీసివేసి పాత మట్టానికే కొత్తది వేయాలి. నీళ్ళ గొట్టాలు, కాలువ పని ముందే పూర్తి చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు స్థాయి ప్రభుత్వ కార్యాలయాలున్నాయి. అక్కడ ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కమిషనర్ కార్యాలయంలో ఒక ప్రతి ఇవ్వండి. మాటగా చెప్పినది గాలికి పోతుంది.

మూడవది, పని జరిగే రోజు పరీక్ష. దీనికి నేను తల్లులను, సోదరీమణులను ప్రత్యేకంగా కోరుతున్నాను. పగటివేళ మగవారు పనులకు వెళ్ళిపోతారు. కాంక్రీటు లారీ వచ్చేసరికి వీధిలో ఉండేది మీరే. ఇంట్లో గోధుమపిండి కలిపేటప్పుడు నీళ్ళు ఎక్కువైతే మీకు ఎలా తెలుస్తుందో, కాంక్రీటు సంగతీ అంతే. పని సులువవుతుందని నీళ్ళు ఎక్కువ కలిపితే అది పలచగా జారుతుంది, ఆరాక బలం ఉండదు. అంచున కట్టిన పలకల ఎత్తు కొలవండి. పోసిన మరునాటి నుంచి కనీసం రెండు వారాలు తడి ఆరనివ్వకూడదు. మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి, లేదా తడి గోనె సంచులు కప్పాలి. నిర్ణీత దూరానికొకటి చొప్పున అడ్డంగా గాట్లు కోయాలి. మనం గాట్లు కోయకపోతే పగుళ్ళు తమకు నచ్చిన చోట పడతాయి. తారు రోడ్డయితే ముందు శుభ్రంగా ఊడ్చి, పలచని తారు ద్రవం చల్లాలి. మిశ్రమం పొగలు కక్కే వేడిలో ఉండగానే పరిచి రోలరు నడపాలి. లారీ ఎక్కడో ఆగిపోయి చల్లారిన సరుకును, తడి నేల మీద, చినుకుల్లో వేస్తుంటే ఆపమనండి. మర్యాదగా ఆపమనండి. ఫోటో తీయండి. తేదీ, వేళ రాసుకోండి.

నాలుగవది, మస్జిద్ పాత్ర. ఇమామ్ సాహెబ్ గారికి వినయపూర్వకంగా ఒక మనవి. నెలకొక జుమా రోజున, ప్రసంగం ముగిశాక, కాలువల మీద చెత్త వేయవద్దని, వీధి ఆక్రమించవద్దని ఒక్క నిమిషం గుర్తు చేయండి. కమిటీ వారు గుర్తు చేస్తే కొందరు గొడవ పడతారు. మీరు చెబితే తల వంచుకుని వింటారు.

ఐదవది, ఇరుగుపొరుగు. ఈ అర్జీల మీద మన సంతకాలే ఉండకూడదు. మన వీధి చివరనున్న రామాలయం వీధి వారి సంతకాలు, చర్చి పక్క ఇళ్ళవారి సంతకాలు కూడా ఉండాలి. వాననీరు వారి ఇళ్ళలోకీ వస్తుంది. ఏ పార్టీ జెండా కిందా ఈ పని చేయవద్దు. పార్టీలు మారతాయి, గడపలు మారవు.

యువకులకు ఒక మాట. మీలో కొందరు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నారు. రేపు మీ చేతికీ ఒక కొలతల పుస్తకం వస్తుంది. ఏదో ఒక గల్లీలో ఏదో ఒక పెద్దావిడ మీకూ చాయ్ తెచ్చి ఇస్తుంది, దీవిస్తుంది. ఆ దీవెనకు తగిన కొలత రాయండి. మనవాడు ఉద్యోగంలో ఉన్నాడన్న గర్వం ఆ మొహల్లాకు అక్కరకు రాదు. మనవాడు నిజం రాశాడన్న భరోసా కావాలి.

చివరి మాట

గత వానాకాలంలో మా వీధి నుంచి ఒక జనాజా బయలుదేరింది. మోకాలి లోతు మురుగునీరు. భుజం పట్టినవారిలో ముందున్న యువకుని కాలు కనిపించని గుంటలో పడింది. జనాజా ఒక పక్కకు ఒరిగింది. నలుగురు పరుగెత్తి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఖబరస్తాన్ చేరేసరికి అందరి బట్టలూ మురుగుతో తడిసి ఉన్నాయి. మళ్ళీ శుభ్రపడి జనాజా నమాజు చదివాం. బతికి ఉన్నవాడు సర్దుకుపోతాడు, గుంట తప్పుకుని నడుస్తాడు. చివరి ప్రయాణంలో ఉన్నవాడు సర్దుకోలేడు కదా! ఆ రోజు అందరికీ కోపం వచ్చింది. మూడో రోజుకు అందరం మరిచిపోయాం. నేను మరిచిపోలేకపోయాను, ఎందుకంటే అటువంటి గుంటలు ఎలా పుడతాయో నాకు తెలుసు.

వీధి అమానతు. దాన్ని వేయించే అధికారి చేతిలో అమానతు, వేసే కాంట్రాక్టరు చేతిలో అమానతు, దాని మీద నడిచే మన చేతిలో కూడా అమానతే. ఇంతకాలం మనం అధికారులకు, పనివారికి చాయ్ ఇచ్చాం. అది మన సంస్కారం, దాన్ని మానవద్దు. ఇక మీదట చాయ్‌తో పాటు టేపు కూడా తీసుకురండి.

మా దాదా కట్టిన మూడు మెట్లూ నా జీవితకాలంలో తిరిగి బయటపడతాయో లేదో నాకు తెలియదు. ఒక్క మెట్టు బయటపడినా చాలు, నా మనవడు దాని మీద కూర్చుని అలీఫ్ బే దిద్దుకుంటాడు. అల్లాహ్ మన మాటలో సత్యాన్ని, మన కొలతలో న్యాయాన్ని ప్రసాదించుగాక! నా ఆ మొదటి గీతను క్షమించుగాక! ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.